పాట వెంట పైకము: ప్రదర్శకుల హక్కులు సరిహద్దులు దాటిన చరిత్ర

పూర్వకాలములో పాడువాడు ఎదుట ఉన్నప్పుడే పాట వినబడేది. హరికథ చెప్పిన దాసుగారికి కాని, పెండ్లిలో నాదస్వరము వాయించిన విద్వాంసునకు కాని ఇవ్వవలసిన సంభావన కార్యక్రమము ముగియగానే చేతిలో పడేది. మరల వినవలెనంటే మరల పిలువవలసినదే, మరల సంభావన ఇవ్వవలసినదే. కంఠము, మనిషి, ప్రతిఫలము ఈ మూడును ఒకేచోట ఉన్నంత కాలము ప్రదర్శకునకు ప్రత్యేకమైన చట్టముతో పని లేకపోయినది. ఈ మూడింటిని విడదీసినది యంత్రము. విడిపోయిన వాటిని మరల కలుపుటకు వివిధ దేశములవారు దాదాపు నూరు సంవత్సరములుగా చేయుచున్న ప్రయత్నమే ఈ వ్యాసమునకు విషయము.

కంఠమును విడదీసిన యంత్రము

1877లో అమెరికాలో థామస్ ఎడిసన్ ఫోనోగ్రాఫును కనిపెట్టినాడు. గాలిలోని ధ్వని తరంగములు ఒక పలుచని పొరను కదలించగా, ఆ పొరకు అమర్చిన సూది తగరపు రేకు మీద గాడి గీయును. అదే గాడి వెంట సూదిని మరల నడిపించినచో పొర మరల కదలి మొదటి ధ్వని వంటి ధ్వనియే పుట్టును. 1887లో ఎమిల్ బెర్లినర్ గుండ్రని పళ్లెము మీద గాడి గీయు గ్రామఫోను పద్ధతిని రూపొందించినాడు. ఈ పద్ధతిలో ఒక్క మూలము నుండి వేలకొలది ప్రతులు అచ్చు వేయవచ్చును. అనగా ఒక్కసారి పాడిన పాట వేయి ఇండ్లలో, వేయిసార్లు, గాయకుడు లేకుండగనే వినబడసాగినది.

1902 నవంబరులో లండనులోని గ్రామఫోను కంపెనీ పక్షమున ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనునతడు కలకత్తాకు వచ్చి, ప్రసిద్ధ గాయని గౌహర్ జాన్ పాటలను ముద్రించినాడు. ఆ మైనపు మూలములు ఓడనెక్కి జర్మనీలోని హానోవరు నగరమునకు పోయి, అక్కడ రికార్డులై తిరిగి మన దేశమునకు వచ్చినవి. ఆ రికార్డులలో పాట చివర గౌహర్ జాన్ తన పేరును తానే ఇంగ్లీషులో చెప్పుట వినవచ్చును. రికార్డు మీద అంటించు చీటీలో ఎవరి పేరు వేయవలెనో హానోవరులోని పనివారికి తెలియుటకే ఇట్లు చెప్పించినారని అందురు. పాట దేశము దాటినప్పుడు పాడినవారి పేరు కూడ దానితో పోవలెనను సంగతి ఆ మొదటి దినములలోనే తలెత్తినది. ముందు ముందు చెప్పబోవు చరిత్రకంతకు ఈ చిన్న విషయమే బీజమని గుర్తుంచుకొనవలెను.

రచయితలు ముందు నడిచిన దారి

ఇతరులు తమ కృతిని వాడుకొన్నప్పుడు ప్రతిఫలము వసూలు చేసికొను పద్ధతిని మొదట నెలకొల్పినవారు రచయితలు, స్వరకర్తలు. 1847లో పారిసులోని ఒక వినోదశాలలో ఎర్నెస్ట్ బూర్జే అను స్వరకర్త తాను తాగిన పానీయమునకు డబ్బు ఇవ్వనని భీష్మించినాడు. నా పాటను మీరు ఊరకనే వాడుకొనుచున్నారు గనుక నేనును ఊరకనే తాగెదనని అతని వాదము. వివాదము న్యాయస్థానమునకు పోయి అతడే గెలిచినాడు. అయితే ఊరిలోని ప్రతి వినోదశాలకు తిరిగి లెక్క అడుగుట ఒక్క మనిషి వల్ల అగునా? కాదు. అందువలన 1851లో రచయితలు, స్వరకర్తలు, ప్రచురణకర్తలు కలిసి సాసెమ్ అను సంఘమును స్థాపించినారు. ఒక్కరు చేయలేని వసూలును అందరి పక్షమున ఒక సంఘము చేయుట, వచ్చినదానిని లెక్క ప్రకారము పంచుట ఈ విధముగ ఆరంభమైనది. 1886లో బెర్న్ ఒడంబడిక కుదిరి, ఒక దేశపు రచయితకు ఇతర దేశములలోను రక్షణ లభించినది. 1926లో ఇట్టి సంఘములన్నిటికి సిసాక్ అను అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడినది.

ఈ ఏర్పాట్లలో గాయకునకు, వాద్యగానికి చోటు లేదు. రచన కాగితము మీద నిలుచును గనుక దానిని ఆస్తిగా భావించుట సులభము. ప్రదర్శన గాలిలో కలిసిపోవునది, అది కూలి పుచ్చుకొని చేసిన పని మాత్రమే అని ఆనాటి న్యాయవేత్తల తలంపు. గ్రామఫోను వచ్చి ప్రదర్శనను కూడ నిలిచిపోవు వస్తువుగా మార్చిన తరువాత కూడ ఈ తలంపు చాలకాలము మారలేదు. 1928లో రోములో బెర్న్ ఒడంబడికను సవరించినప్పుడు ప్రదర్శకులను గూర్చి ఆలోచించవలెనను కోరికను మాత్రమే వెల్లడించి ఊరకుండినారు.

యంత్రమే పోటీదారు

ఈలోగా ప్రదర్శకుని బ్రతుకు తారుమారైనది. మూగ చిత్రముల కాలములో అమెరికా, ఐరోపా నగరములలోని సినిమాశాలలో తెర ముందు కూర్చుండి వాద్యములు వాయించువారు వేలకొలదిగ ఉండేవారు. 1927లో మాటలాడు చిత్రము వచ్చిన తరువాత కొద్ది సంవత్సరములలోనే ఆ ఉద్యోగములు పోయినవి. రేడియో కేంద్రములు కూడ వాద్యబృందములకు మారుగా రికార్డులు వేయసాగినవి. తాను వాయించిన రికార్డే తన పని తీసివేయుచున్నదని వాద్యగాడు గ్రహించినాడు.

అమెరికాలో వాద్యగాండ్ర సంఘము జేమ్స్ పెట్రిల్లో నాయకత్వమున 1942 ఆగస్టు 1 నుండి రికార్డులకు వాయించుట మానివేసినది. డెకా కంపెనీ 1943లోను, మిగిలిన రెండు పెద్ద కంపెనీలు 1944లోను లొంగినవి. అమ్మిన ప్రతి రికార్డుకు కొంత సొమ్ము ఒక నిధికి చేరును. ఆ నిధితో పనిలేని వాద్యగాండ్రచేత ప్రజలకు ఉచిత కచేరీలు చేయింతురు. ఇది సమ్మెవలన వచ్చిన ఏర్పాటు గాని చట్టమిచ్చిన హక్కు కాదు.

ఇంగ్లండులో వేరొక దారి తెరచుకొన్నది. బ్రిస్టలు నగరములో ఒక కాఫీశాలవారు గ్రామఫోను రికార్డును గిరాకీలకు వినిపించగా, కంపెనీ అనుమతి లేకుండ బహిరంగముగ వినిపించరాదని న్యాయస్థానము తీర్పు చెప్పినది. దీని ఫలితముగ 1934లో పి.పి.ఎల్. అను వసూలు సంఘము పుట్టినది. ఈ హక్కు రికార్డు తయారుచేసిన కంపెనీది. ప్రదర్శకులకు దక్కిన భాగము చాలకాలము కంపెనీలు సమ్మతించి ఇచ్చినదే. న్యాయమైన ప్రతిఫలము చట్టసమ్మతమైన హక్కుగా బ్రిటిషు ప్రదర్శకులకు 1996లో గాని రాలేదు.

రోము ఒడంబడిక

ప్రదర్శకుల సమస్యను ప్రపంచ వేదిక మీద పట్టించుకొన్న మొదటి సంస్థలలో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒకటియగుట గమనింపదగినది. రచయిత ఆస్తి మార్గమున వచ్చినాడు, ప్రదర్శకుడు కార్మికుని మార్గమున వచ్చినాడు. ఆ సంస్థ 1939లో ఈ విషయము మీద ఒక పరిశీలనను ప్రకటించినది. అంతలో ప్రపంచ యుద్ధము వచ్చి పని ఆగినది. యుద్ధానంతరము 1948లో అంతర్జాతీయ వాద్యకారుల సమాఖ్య, 1952లో నటుల సమాఖ్య ఏర్పడి ఒత్తిడి చేసినవి.

చివరకు 1961 అక్టోబరు 26న రోము నగరమున ప్రదర్శకులు, రికార్డు నిర్మాతలు, ప్రసార సంస్థలు ఈ ముగ్గురి రక్షణకు ఒడంబడిక కుదిరినది. ఇది 1964 మే 18న అమలులోనికి వచ్చినది. ప్రదర్శకుని సమ్మతి లేకుండ అతని ప్రదర్శనను ముద్రించుట, ప్రసారము చేయుట అడ్డుకొను వీలు దీనివలన కలిగినది. 12వ అధికరణము మరియొక అడుగు వేసినది. అమ్మకమునకు తయారైన రికార్డును రేడియోలో గాని బహిరంగ స్థలమున గాని వాడినచో, న్యాయమైన ఒక ప్రతిఫలమును ప్రదర్శకులకో, నిర్మాతలకో, ఇద్దరికో చెల్లించవలెనని అది చెప్పినది.

కాని ఒడంబడికలో రెండు పెద్ద రంధ్రములు ఉండిపోయినవి. ఇష్టము లేని దేశము 12వ అధికరణమును పూర్తిగానో కొంతగానో విడిచిపెట్టవచ్చును. మరియు, తన ప్రదర్శనను చలనచిత్రములో చేర్చుటకు ఒకసారి ఒప్పుకొన్న నటునకు ఆ తరువాత ఈ రక్షణ వర్తించదు. మన దేశము 1961లో ఈ ఒడంబడిక మీద సంతకము చేసినది గాని ధ్రువీకరించలేదు.

ఉమ్మడి లెక్క ఎట్లుండును

హక్కు కాగితము మీద వచ్చినంత మాత్రమున చేతికి డబ్బు రాదు. వసూలు చేయువారు ఉండవలెను. జర్మనీలో 1959లో జి.వి.ఎల్., డెన్మార్కులో 1963లో గ్రామెక్స్, స్వీడనులో అదే సంవత్సరము సామి అను సంఘములు ఏర్పడినవి. ఫ్రాన్సులో ఆడామి 1955లోను, స్పెడిడామ్ 1959లోను స్థాపితములైనను, చట్టపు హక్కు 1985లో వచ్చినది.

ఇవి చేయు పనిని ఒక ఊహాజనితమైన లెక్కతో చూతము. ఒక రేడియో కేంద్రము సంవత్సరమునకు 1,00,000 రూపాయలు చెల్లించినదనుకొందము. నిర్వహణ ఖర్చు 15,000 పోగా 85,000 మిగులును. అందులో సగము నిర్మాతలది, సగము, అనగా 42,500, ప్రదర్శకులది. ఆ సంవత్సరము ప్రసారమైన రికార్డుల నిడివి 85,000 నిమిషములైనచో నిమిషమునకు 50 పైసలు వచ్చును. నాలుగు నిమిషముల పాట ఒకటి నూరుసార్లు ప్రసారమైనచో దాని వాటా 200 రూపాయలు. ముఖ్య గాయనికి 120 రూపాయలు ఇచ్చి, మిగిలిన 80 రూపాయలు పదిమంది వాద్యగాండ్రకు పంచినచో ఒక్కొక్కరికి 8 రూపాయలు.

ఈ 8 రూపాయల కొరకు ఫిడేలు వాయించిన మనిషి రేడియో కేంద్రము మీద దావా వేయగలడా? వేరొక దేశములోని కేంద్రమునకు ఉత్తరము వ్రాసినను తపాలా ఖర్చు అంతకు మించును. ఉమ్మడి వసూలు లేనిచో చిన్న ప్రదర్శకుని హక్కు ఉండియు లేనిదే. పెద్ద గాయకుడు ఒప్పందములో బలము చూపగలడు; పేరు లేని వాద్యగానికి సంఘమే బలము.

దేశముల లెక్క, మనుషుల లెక్క

పాట దేశము దాటినప్పుడు చిక్కు పెరుగును. స్వీడనులో వినిపించిన ఫ్రెంచి పాట సొమ్మును స్వీడను సంఘము వసూలు చేయును. దానిని ఫ్రాన్సులోని వాద్యగానికి చేర్చవలెనన్నచో రెండు సంఘముల నడుమ ఒప్పందము కావలెను. ఇట్టి ఒప్పందములు రెండు రకములు. మొదటి రకములో పేర్ల వివరములతో పాటు సొమ్ము కూడ ఒక సంఘము నుండి మరియొక సంఘమునకు పోవును. రెండవ రకములో సొమ్ము కదలదు. ఎవరి దేశములో వసూలైనది వారే ఉంచుకొని తమ సభ్యులకో, సాంఘిక నిధులకో వినియోగింతురు.

రెండవ రకము మొదట సౌకర్యముగ కనబడినది. లెక్కల యంత్రములు లేని దినములలో పరదేశపు పేర్లు వెదకి చిన్న మొత్తములు పంపుటకు అగు ఖర్చే ఎక్కువ. నీవు నాకు ఇవ్వవలసినదియు, నేను నీకు ఇవ్వవలసినదియు ఇంచుమించు సమానమైనచో రెండును కొట్టివేయవచ్చుననిరి. కాని ఇందులో ఒక అన్యాయము దాగియున్నది. ఒక గాయని తన దేశములో కంటె పొరుగు దేశములో ఎక్కువ పేరుగన్నదనుకొందము. ఆమె పాట సంపాదించినది అక్కడి వేరొకరికి పోవును. ఆమెకు ఏమియు రాదు. దేశముల లెక్క సరిపోయినను మనుషుల లెక్క సరిపోలేదు. ప్రదర్శకుని హక్కు దేశమునకు చెందినది కాదు, మనిషికి చెందినది. ప్రదర్శకుల సంఘముల అంతర్జాతీయ సహకారమంతయు ఈ రెండవ రకము నుండి మొదటి రకమునకు జరుగుచున్న ప్రయాణమని చెప్పవచ్చును.

ఈ పనికై 1986 నుండి వివిధ దేశముల ప్రదర్శకుల సంఘములు కలిసి సమావేశమగుట ఆరంభించినవి. 2001లో అది ఎస్.సి.ఎ.పి.ఆర్. అను పేర శాశ్వత సంస్థగా నమోదైనది. నేడు యాభైకి మించిన సంఘములు ఇందులో సభ్యత్వము కలిగియున్నవి. ఇది సొమ్ము వసూలు చేయదు. మాదిరి ఒప్పందములు, లెక్కల నియమములు, ఉమ్మడి పట్టికలు తయారుచేయును. దాని అవసరమును విద్యార్థులు గణితముతో గ్రహింపవచ్చును. 50 సంఘములు ఇద్దరిద్దరు చొప్పున ఒప్పందము చేసికొనవలెనన్నచో 50ని 49చే గుణించి సగము చేయగా 1,225 ఒప్పందములు కావలెను. ఒక్కొక్కటి ఒక్కొక్క తీరున ఉన్నచో ఆ పని ఎన్నటికి తెమలదు. మాదిరి ఒక్కటి, పట్టిక ఒక్కటి అయినచో ప్రతి సంఘము ఒకేసారి కుదుర్చుకొనినచో చాలును.

పేరునకు సంఖ్య

ఆ పట్టికలో అన్నిటికంటె కఠినమైన ప్రశ్న మనిషిని గుర్తించుట. రికార్డును గుర్తించుటకు 1986లో ఐ.ఎస్.ఆర్.సి. అను 12 అక్షరముల సంకేతము అంతర్జాతీయ ప్రమాణముగ వెలువడినది. దేశమునకు రెండు, నమోదుదారునకు మూడు, సంవత్సరమునకు రెండు, వరుస సంఖ్యకు ఐదు స్థానములని దాని మూల నిర్మాణము. ఇది ఏ రికార్డు అని చెప్పును గాని అందులో వాయించినది ఎవరని చెప్పదు. అందుకై ప్రతి ప్రదర్శకునకు ఐ.పి.ఎన్. అను వేరొక సంఖ్యను సంఘముల ఉమ్మడి పట్టికలో కేటాయింతురు. ఏ రికార్డులో ఏ సంఖ్యగల ప్రదర్శకుడు ఏ వాద్యము వాయించినాడో తెలుపు ఉమ్మడి పట్టిక మరియొకటి ఉన్నది.

సంఖ్య ఎందుకు, పేరు చాలదా అని అడుగవచ్చును. మన తెలుగు పేర్లనే చూడుడు. ఘంటసాల వెంకటేశ్వరరావుగారి ఇంటిపేరు ఘంటసాల. ఐరోపా పట్టికలో చివరి మాటయే ఇంటిపేరు గనుక ఆయన ‘రావు’ కింద చేరును. అక్కడ రావులు వేలమంది. పి. సుశీలగారి పేరులోని ‘పి’ పులపాక, ఎస్. జానకిగారి పేరులోని ‘ఎస్’ శిష్ట్లా. పొడి అక్షరమును వ్యక్తిగత నామముగ తలచినచో మనిషియే మారిపోవును. వెంకటేశ్వరరావు అను పేరును రోమను లిపిలో ఎన్ని విధముల వ్రాయుదురో లెక్కించినవారికి ఈ కష్టము బోధపడును. ఎన్ని విధముల వ్రాసినను ఒకే సంఖ్య ఉన్నచో సొమ్ము ఒకే మనిషికి చేరును.

గుర్తింపు లేనిచో ఏమగును? ఐరోపా సమాజము 2014లో చేసిన నిబంధన ప్రకారము వసూలైన సొమ్మును ఆ ఆర్థిక సంవత్సరము ముగిసిన 9 నెలలలో పంచవలెను. హక్కుదారు తెలియనిచో ఆ వివరములు ప్రకటించవలెను. మూడు సంవత్సరములు గడచినను ఎవరును కనబడకున్నచో అది పంచుటకు వీలులేని సొమ్ముగా తేలును. పేరు వ్రాయకపోవుట వలన కలుగు నష్టము ఇట్టిది.

ఇంకను తెగని చిక్కులు

1996లో జెనీవాలో కుదిరిన ఒడంబడిక ఇంటర్నెట్ కాలమునకు తగినట్లు శబ్ద ప్రదర్శకుల హక్కులను విస్తరించి, పేరు చెప్పించుకొను హక్కును కూడ గుర్తించినది. రోము ఒడంబడిక విడిచిన చలనచిత్ర ప్రదర్శకులకై 2012లో బీజింగు ఒడంబడిక కుదిరి, 2020 ఏప్రిలు 28న అమలులోనికి వచ్చినది.

అయినను పెద్ద దేశమైన అమెరికాలో మామూలు రేడియో ప్రసారమునకు ప్రదర్శకునకు నేటికిని ప్రతిఫలము లేదు. 1995 చట్టము డిజిటల్ ప్రసారములకు మాత్రమే హక్కు ఇచ్చినది. అందులో 50 శాతము హక్కుదారు కంపెనీకి, 45 శాతము ముఖ్య ప్రదర్శకునకు, 5 శాతము వెనుకనుండు గాయకులకు, వాద్యగాండ్రకు. మీరు మావారికి ఇవ్వరు గనుక మేమును మీవారికి ఇవ్వమని పెక్కు దేశములు అమెరికా ప్రదర్శకులకు సొమ్ము నిలిపినవి. ఐర్లండులో ఇట్లు ప్రదర్శకునకు దక్కనిది రికార్డు నిర్మాతలకే పోవుచుండగా అక్కడి ప్రదర్శకుల సంఘము దావా వేసినది. పనిచేసినవాని జాతీయతను బట్టి అతని భాగమును తీసివేయుటకు సభ్యదేశముల చట్టములకు అధికారము లేదని 2020 సెప్టెంబరు 8న ఐరోపా న్యాయస్థానము తీర్పు చెప్పినది. దేశముల లెక్కకు, మనుషుల లెక్కకు నడుమ పోరాటము మరల ఇక్కడ కనబడును.

మన దేశము

1957 నాటి మన కాపీరైటు చట్టములో ప్రదర్శకుని ప్రసక్తి లేదు. 1974లో ఘంటసాలగారు కన్నుమూయునాటికి గాయకునకు ఒప్పందములో వ్రాసికొన్నది తప్ప చట్టమిచ్చిన హక్కు ఏదియు లేదు. చిత్రములోని నటుని ప్రదర్శనకు ఈ చట్టమున రక్షణ లేదని 1978లో బొంబాయి హైకోర్టు దేవ్ ఆనంద్ వ్యాజ్యములో చెప్పినది. 1994 సవరణ మొదటిసారి ప్రదర్శకుల హక్కును 25 సంవత్సరములకు ఇచ్చినది. 1999లో అది 50 సంవత్సరములైనది. 2012 సవరణ, ప్రదర్శనను వాణిజ్యముగ వాడినప్పుడు రాయల్టీకి అర్హత కల్పించినది. 2013లో గాయకుల సంఘము ఇస్రా నమోదైనది. నేడది వాద్యకారులను కూడ కలుపుకొని ఇసామ్రాగా పనిచేయుచున్నది. 1996 నాటి జెనీవా ఒడంబడికలో మన దేశము 2018లో చేరినది.

మన చట్టము చెప్పు ‘ప్రదర్శకుడు’ అను మాటలో నటుడు, గాయకుడు, వాద్యగాడు, నర్తకుడు మాత్రమే కాదు. గారడివాడు, పాములవాడు, ఉపన్యాసము చేయువాడు కూడ ఉన్నారు. అయితే ఒక మినహాయింపు కలదు. చిత్రములో యాదృచ్ఛికముగ కనబడి, పరిశ్రమ ఆచారము ప్రకారము పేర్ల పట్టికలో ఎక్కడను పేరు వేయబడనివానికి, తన ప్రదర్శనను వికృతము చేయకుండ అడ్డుకొను హక్కు తప్ప మిగిలినవి లేవు. పేరు వేయుట మర్యాద మాత్రమే కాదు, హక్కునకు ఆధారమని దీనివలన తెలియుచున్నది.

ఒడంబడికలు, సంఘములు, సంఖ్యలు అన్నియు చేయు పని చివరకు ఒక్కటే. ఎక్కడనో వినబడు కంఠము ఎవరిదో కనుగొని వారి ప్రతిఫలము వారికి చేర్చుట. ఆ గొలుసులో మొదటి లంకె ముద్రణ జరిగిన దినమున వ్రాయు చీటీ. అందులో ఫిడేలు వాయించినదెవరో, మృదంగము వాయించినదెవరో, వంతపాట పాడినదెవరో వ్రాయకున్నచో తరువాత ఏ దేశపు ఏ సంఘమును ఏమియు చేయలేదు. పాఠశాల వార్షికోత్సవపు పాటను ముద్రించు ఉపాధ్యాయులు, విద్యార్థులు సయితము తేదీతో పాటు ప్రతి ఒక్కరి పూర్తి పేరు, ఇంటిపేరు, వాయించిన వాద్యము వ్రాసి దాచుట అలవాటు చేసికొనినచో అది చిన్న పని కాదు.